పెట్రోలా, డీజిలా

కారు కొనాలని నేనెప్పుడూ అనుకోలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజుకి అదే పెద్ద భోగం అనుకునే మనిషిని. అలాంటిది పోయిన ఎండాకాలమంతా ఫోన్లో పాత కార్ల ఫోటోలు చూసుకుంటూ, బడి పని కూడా పక్కన పడేసి, పిచ్చిదానిలా తిరిగాను. మా బావ ప్రాణం నిలబడాలంటే మాకో కారు కావాలి. అది ఊళ్ళో దొరికేవాటిల్లోకెల్లా చవకది కావాలి, కొన్నాక కూడా చవగ్గా నడవాలి. అలాంటి బండి విశాఖపట్నంలో ఉందో లేదో నాకు తెలీదు. లేకపోతే ఏం చెయ్యాలో అసలే తెలీదు.

బావంటే నా భర్తే. మేనత్త కొడుకుని చేసుకున్నాను, పెళ్ళికి ముందు నోటికి అలవాటైన పిలుపు పెళ్ళయ్యాక మారలేదు. పోర్టు నుంచి కంటైనర్లు మోసే ట్రెయిలర్ మీద డ్రైవరు. ఓసారి రాయపూర్ ట్రిప్పు నుంచి వచ్చి కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదన్నాడు. ఎండలో తోలి తోలి వాచాయనుకున్నాం. రెండు కిడ్నీలూ పోయాయని తెలిసేసరికి ముఖం కూడా ఉబ్బిపోయింది. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మద్దిలపాలెం దాటాక ఉన్న ఓ ఆస్పత్రిలో పొద్దున్న ఆరింటి షిఫ్టు. మేముండేదేమో పద్మనాభం పక్క పల్లెలో. వైద్యానికి పైసా అక్కర్లేదు, కార్డు మీద జరిగిపోతుంది. ఆ మంచం దాకా చేరడానికి మాత్రం ఎవరి చావు వాళ్ళు చావాలి.

సిటీలో ఓ గది అద్దెకి తీసుకోవచ్చుగా అని సలహా ఇవ్వని మనిషి లేడు. సలహాకి అద్దె కట్టక్కర్లేదు కదా. నేను పనిచేసేది మా పక్కూరి ప్రైవేటు బడిలో, తెలుగు టీచరుని; ఆ మూడు రోజులూ నాకు మధ్యాహ్నం క్లాసులే ఇస్తారు. ఇంట్లో అత్తా, బావా, నేనూ ముగ్గురమే. పిల్లల్లేరు. సొంత ఇల్లు, తినడానికి సొంత బియ్యం, ఇంటి వెనక నాలుగు మునగ చెట్లు ఉన్నాయి కాబట్టి నా జీతంతో ముగ్గురం బతుకుతున్నాం. సిటీకి మారితే ఆ జీతమూ ఉండదు, ఆ బియ్యమూ ఉండవు. ఆ మూడు రోజులకీ కిరాయి కారు మాట్లాడుకుందామా అంటే, నెలకి అయ్యేది నా జీతం కంటే ఎక్కువ. అది కూడా అడిగి చూశాను.

మొదట్లో ఊళ్ళో ఆటో అబ్బాయి తీసుకెళ్ళేవాడు. పోయేటప్పుడు ఫర్వాలేదు. వచ్చేటప్పుడే నరకం. మిషన్ మీంచి దిగిన మనిషి ఒంట్లో సత్తువంతా పిండేసినట్టుంటాడు. బీపీ పడిపోతుంది, మండుటెండలో చలేస్తుందంటాడు, దుప్పటి కప్పితే చెమటలు పడతాయి. ఆనందపురం దాటేలోపు ఒక్కసారైనా వాంతి అవుతుంది. ఆటోలో వెనక్కి వాలడానికి ఏముంది? నా భుజమే. రోడ్డు మీద ప్రతి గొయ్యికీ అతని తల నా గూడకి కొట్టుకునేది, నేను గోతుల్ని తవ్వినవాళ్ళనీ పూడ్చనివాళ్ళనీ కలిపి తిట్టేదాన్ని.

ఏప్రిల్‌లో ఓ గురువారం తెల్లవారుజామున ఆటో దారిలో ఆగిపోయింది. అటుగా వచ్చిన పాలవ్యానుని బతిమాలుకుని, క్యాన్ల మధ్య బావని కూర్చోబెట్టి ఆస్పత్రికి చేరేసరికి మా మంచం మీద ఇంకెవరో ఉన్నారు. సిస్టర్ మంచిదే, కానీ ఆమె చేతిలో ఉన్నది మంచాలు, జాలి కాదు. "ఆలస్యమైతే ఇచ్చెయ్యాల్సిందేనమ్మా, బయట ఎంతమంది ఎదురు చూస్తున్నారో చూడండి. ఇంకోసారి ఇలా అయితే మీ పేరు రాత్రి షిఫ్టుకి మార్చేస్తాం, తర్వాత నేనేం చెయ్యలేను" అంది. రాత్రి షిఫ్టంటే దిగేసరికి అర్ధరాత్రి. ఆ వేళలో పద్మనాభం ఎలా చేరతాం? ఆ గురువారం ఇక మిషన్ దొరకలేదు. మర్నాటికల్లా ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి వచ్చేసింది. పడుకుంటే ఊపిరాడక, గోడకి జారబడి కూర్చుని, నోరు తెరుచుకుని గాలి కోసం ఎగబడుతుంటే చూశాను. సొంత మనిషి గాలి అందక కొట్టుకుంటుంటే విసనకర్ర పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నేను రాయలేను. ఆ శనివారం ఎలాగో మిషన్ ఎక్కి బతికాడు. ఇంటికొచ్చి మా అత్తతో, "కారు కొనేద్దాం" అన్నాను. ఆవిడ నాకు మతి పోయిందనుకుంది.

నాకు స్కూటీ తప్ప ఏదీ రాదు. బావకి వస్తుంది, కానీ స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. దారిలో కళ్ళు తిరిగితే ఇద్దరం పోతాం. అందుకని తగరపువలసలో ఎల్ బోర్డు కారు నేర్పేచోట చేరి, సెలవుల్లో లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంటికొస్తే బావ పాఠం మళ్ళీ అప్పజెప్పించుకునేవాడు. ట్రెయిలర్‌ని పోర్టు గేటులో వెనక్కి పెట్టిన మనిషికి నా క్లచ్ కబుర్లు వినడం ఎంత పరీక్షో నాకు అర్థమయ్యేది.

"నువ్వు బండి తోల్తన్నావా, పిండి రుబ్బుతన్నావా?" అనేవాడు.

"పిండి రుబ్బబట్టి ఇరవై ఏళ్ళయింది, బండి మొదలెట్టి ఇరవై రోజులు. మాటాడకుండా పల్లకో."

బండి ఎలాంటిది కొనాలో బావకి గట్టి అభిప్రాయం ఉండేది. కొన్న ధర చూసి మురిసిపోయేవాణ్ణి చూస్తే అతనికి ఒళ్ళు మండేది. ట్రెయిలర్ తోలిన రోజుల్లో కూడా ఓనర్లతో ఇదే గొడవ. "కొన్నపుడు ఒకపాలి ఏడిస్తే సరిపోద్దే. మేపినపుడు రోజూ ఏడవాల. మనం తిరిగే దూరానికి డీజిలే గిట్టుద్ది" అనేవాడు. మంచం మీద పడుకునే కిలోమీటరుకి ఎంత, వారానికి ఎంత అని నోటిలెక్క వేసేవాడు. ఆ లెక్కలు వేసేటప్పుడు మాత్రం పాత మనిషిలా ఉండేవాడు. నేను కావాలని తప్పు చెప్పి కూడా అతని చేత లెక్కలు చేయించేదాన్ని.

తగరపువలసలో బావకి పరిచయమున్న ఓ బ్రోకరు ఉన్నాడు. పాత బళ్ళు చూపించి రెండు వైపులా కమీషన్ తీసుకుంటాడు. అందర్నీ గురూ అంటాడు, మా అత్తని కూడా. అతను మొదట తీసుకెళ్ళింది భీమిలికి. తెల్లటి చిన్న కారు, దూరం నుంచి చూస్తే కొత్త పెళ్ళికూతురే. రేటు వినగానే నా గుండె గంతులేసింది. డోరు తీశాను. గుప్పుమంది.

"సేపలేసినామమ్మా, వారం రోజుల్లో పోద్ది వాసన" అన్నాడు ఓనరు.

వాసన సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని కూర్చున్నాను. కాలికింద మ్యాట్ మెత్తగా దిగింది. ఎత్తి చూస్తే, కారు అడుగున నా చెయ్యి పట్టేంత కన్నం, కన్నంలోంచి భీమిలి రోడ్డు కనబడుతోంది. సముద్రం గాలి కింద నుంచి తినేసింది, పైన రంగు వేసి దాచారు. "కాలికి గాలి తగుల్తాది గురూ, ఏసీ అక్కర్లేదు" అని బ్రోకరు నవ్వబోయి నా ముఖం చూసి ఆపేశాడు. తిరిగొస్తూ బస్సులో ఏడ్చాను. కారు కోసం కాదు. ఆ కన్నం చూశాక కూడా, రేకు ముక్క అతికించి తోలుకోవచ్చేమో అని ఓ నిమిషం ఆలోచించాను, అందుకు.

రెండోది పోర్టు పక్క కాలనీలో. బండి నిండా బొగ్గు దుమ్ము, తుడిస్తే కింద మంచి కారు. ఇంజను బాగుంది. కాయితాలు మాత్రం చనిపోయిన పెద్దాయన పేరున ఉన్నాయి. ముగ్గురు కొడుకులు సంతకాలు పెట్టాలి. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒకాయన పెడతానన్నాడు, రెండో ఆయన మొదటాయన పెడితే పెట్టనన్నాడు. ఆ వరండాలో నిలబడి, ముక్కూముఖం తెలియని మనుషులకి మా బావ జబ్బంతా వర్ణించాను. మూత్రం ఆగిపోయిందని కూడా చెప్పాను. అయ్యో అన్నారు, మంచినీళ్ళిచ్చారు, సంతకాలు పెట్టలేదు. జబ్బుని చూపించి బేరమాడటం ఆ ఎండాకాలంలోనే నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది, అయినా తర్వాత చూసిన ప్రతిచోటా అదే చేశాను.

మే అయిపోవచ్చింది. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. ఆటో అబ్బాయి బడిపిల్లల్ని దింపే పని ఒప్పుకున్నానని, జూన్ నుంచి రాలేనని చెప్పేశాడు. అతన్ని అనడానికి లేదు. బావ వాంతులు కడుక్కున్న ఆటో అది. కానీ జూన్‌లో మొదటి మంగళవారం ఎలా వెళ్తాం?

అప్పుడు ఒకే వారంలో రెండు బళ్ళు దొరికాయి.

ఒకటి గాజువాకలో. స్టీలుప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయనది. ఎప్పుడో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పాత పెట్రోలు కారు, పసిపాపలా దుప్పటి కప్పి దాచుకున్నారు. "గుడికీ మార్కెట్టుకీ తప్ప తిప్పలేదండీ. ఇప్పుడు చూపు ఆనట్లేదు, మా ఆవిడ ఎక్కనంటోందండీ, ఆయ్" అన్నారు. ధర మాకు అందేదే, ఉన్న డబ్బుతో అప్పు లేకుండా అయిపోతుంది. కాకపోతే పాత పెట్రోలు బండి, తాగుడు ఎక్కువ.

రెండోది ఆనందపురం హైవే పక్క యార్డులో. డీజిలు. మందుల డీలరు తిప్పిన బండి, బాగా తిరిగింది, సీట్లు చిరిగాయి. ధర మాత్రం పెద్దాయన బండి మీద లక్షకి పైగా ఎక్కువ. ఆ రోజు బావ నాతో వచ్చాడు. స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తించి, సూదిగుచ్చని చెయ్యి దానిమీద ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత పక్క సీట్లో కూర్చుని నా చేత హైవే మీద తోలించాడు. నేను నాలుగో గేరులో వెళ్తుంటే ఏమీ అనలేదు. తిట్టకపోవడమే అతని మెప్పు. సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని చూశాడు, కాళ్ళు చాపుకున్నాడు. బండి దిగేటప్పుడు తలుపుని దూడ వీపు నిమిరినట్టు నిమిరాడు.

ఇంటికొచ్చాక అన్నాడు: "పెట్రోలు బండే తీసుకుందాం."

నేను అర్థం కాక చూశాను. "అదేటి బావా? డీజిలే గిట్టుద్దని నువ్వే కదా అన్నావు ఇన్నాళ్ళూ."

"డీజిలు ఇంజను పాతదైతే నమ్మకూడదే. ఇంజెక్టర్లు పోతే ఎవుల్ని పట్టుకుంటాం? పొగ కూడా. ముసిలాయన బండి సుబ్బరంగుంది."

"ఇంజను రాయిలాగుందన్నావు యార్డులో."

"అన్నాను. ఇప్పుడు ఒద్దంటన్నాను. ఇనవేటి?"

అతని మాటల్లో ఏదో అతకలేదు, కానీ నాకు వాదించే ఓపిక లేదు. పైగా అప్పు చెయ్యక్కర్లేదన్న మాట నాక్కూడా తీపిగానే ఉంది. శుక్రవారం పొద్దున్నే పెద్దాయనకి ఫోన్ చేసి తీసుకుంటామన్నాను. ఆయన మర్నాడే రమ్మన్నారు. శనివారం డయాలసిస్ అయ్యాక అక్కడికే వెళ్ళి, డబ్బిచ్చి, బావని ఆ కార్లోనే ఇంటికి తెచ్చేద్దాం అనుకున్నాను. ఎంత హాయి! ఆ ఒక్క తిరుగు ప్రయాణమైనా అతను వాలి పడుకుంటాడు.

మా అత్త ఒప్పుకోలేదు. శనివారం ఇనుము ఇంటికి తేకూడదు. అది మా ఇళ్ళలో తిరుగులేని మాట. మేకు కూడా కొనరు. పోనీ డబ్బు ఇవాళే ఇచ్చేస్తానంటే, శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదు.

"అత్తా, ఈ ఊరు బతికేదే ఇనుము మీద" అన్నాను. "శనివారమని ఫర్నేసు ఆపేత్తన్నారేటి? ఓడల్లోంచి దించడం మానేత్తన్నారేటి?"

"ఊరి సంగతి నాకేల? మీ మావ శనారం నాడు గునపం తెచ్చినాడు. ఆ ఏడు ఏటైందో నీకు తెలీదేటి?"

"ఏటైంది?"

"తుపాను రాలేదేటి!"

మా మావయ్య గునపం తెచ్చాడని కోస్తా అంతా మునిగిందన్నమాట. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు చేతిలో గిన్నె నేలకేసి కొట్టాను. నీ కొడుకు మళ్ళీ ఆటోలో కుదుపులు పడుతూ రావాలా అని అరిచాను. ఆవిడ కూడా ఏడ్చింది, కానీ మాట మార్చుకోలేదు. కొడుకు ఒంట్లో ఇప్పటికే ఒక శని ఉన్నాడు, రెండోవాణ్ణి నా చేత్తో పిలవను అంది. బావ నావైపు చూసి, "ఆదారం తెచ్చుకుందాం, ఒగ్గీయ్" అన్నాడు. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే, "శనివారం వద్దని నేనే అనాల్సిందండీ, మర్చిపోయాను, ఆదివారమే మంచిదండీ" అని ఆయన కూడా అత్త పక్షమే చేరారు.

అలా ఆ శనివారం మళ్ళీ ఆటోలోనే వెళ్ళాం. బావని మిషన్‌కి కలిపాక నేను బయట వరండాలో కూర్చున్నాను. అప్పుడు బ్రోకరు ఫోన్ చేశాడు. యార్డువాడు డీజిలు బండికి కొంత తగ్గించాడట, ఇంకొకరు అడుగుతున్నారట, రేపటిలోపు చెప్పాలట. నేను సిస్టర్ని అడిగి లోపలికెళ్ళాను. బావ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఎడమచేతి నుంచి రక్తం గొట్టాల్లోంచి మిషన్లోకి పోయి మళ్ళీ వస్తోంది. విషయం చెప్పాను.

"ఒద్దన్నాను కదా."

"ఎందుకొద్దో సెప్పు. ఇంజెక్టర్ల కత సెప్పకు."

అతను గొట్టాల వంకే చూస్తూ, పక్క మంచానికి వినబడకుండా అన్నాడు. "లెక్క సూడే. దానికీ దీనికీ తేడా లక్ష. ఆ లక్ష డీజిలు మీద మనకి తిరిగి రావాలంటే మూడేళ్ళు తిప్పాల, మనం తిరిగే దూరానికి. అంతకుముందు ఆపేత్తే పెట్రోలే సవక."

"అయితే మూడేళ్ళు తిప్పుదాం."

"ఎవులు తిప్పుతారు?" అన్నాడు. "నాను పోయేక నువ్వేటి సేసుకుంతావు దాన్ని? నీ బడి నడిసెళ్ళే దూరం. లక్ష అప్పు నీ నెత్తి మీద ఉంటాది. ముసిలాయన బండయితే కొన్న రేటుకే అమ్ముడుపోద్ది. నాకెంతుందో నాను సూసుకునే లెక్కేసినాను. ఏడాదీ, ఏడాదిన్నర. దానికి పెట్రోలే కరెష్టు."

నాకు అప్పుడు అర్థమైంది. కిలోమీటర్లు, లీటర్లు, వారానికి ఎంత అని నేను ముచ్చటపడి విన్న ఆ లెక్కలన్నిటిలో ఒక అంకె అతను పైకి చెప్పకుండా వేసుకుంటున్నాడు. ఏ బండి చవకో తేల్చాలంటే అది ఎన్నాళ్ళు కావాలో తెలియాలి. అతను తేల్చేశాడు. కారు ఎంచుకోవడం కాదు, తన చావుకి తేదీ వేసుకుని, ఆ తేదీకి తగ్గ బండి చూసుకున్నాడు. అది కూడా నాకు అప్పు మిగలకుండా.

ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. ఆ గొట్టాలే లేకపోతే కొట్టేదాన్నేమో. సిస్టర్ వచ్చి, పేషెంటు బీపీ పెరుగుతోంది, మీరు బయటికెళ్ళండి అంది. వెళ్ళాను. ఆమె మళ్ళీ వరండాలోకి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని ఆపి, "సిస్టర్, మా ఆయన మూడేళ్ళు ఉంటాడా?" అని అడిగాను. ఎవరైనా అలా అడుగుతారా? అప్పుడు అడిగాను.

ఆమె కోప్పడలేదు. "కిటికీ పక్క మంచం ఆయన్ని చూశారా, ఎనిమిదేళ్ళ నుంచి వస్తున్నారు" అంది. తలుపు అద్దంలోంచి చూశాను. ఆ పక్క మంచం ఖాళీగా ఉంది, పోయిన వారం ఖాళీ లేదు. ఆమె కూడా అటే చూసింది. "టైముకి రండమ్మా. ఒక్కటి కూడా మానకండి. మీ చేతిలో ఉన్నది అంతే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బావని పడుకోబెట్టి బడి హెడ్ మేడమ్ ఇంటికి వెళ్ళాను. మా టీచర్లం కలిసి వేసుకునే చీటీ ఉంది. చివరిదాకా ఆగితే మిగులుతుందని నేను ఎన్నడూ పాడలేదు. అందరికీ ఫోన్లు చేయించి, నా కోసం ఒక పాట ముందుకి జరిపించుకుని, ఎంత నష్టానికైనా సరే అని పాడేసి డబ్బు అక్కడే తీసుకున్నాను. తర్వాత గాజువాక పెద్దాయనకి ఫోన్ చేశాను. అదే అన్నిటికంటే కష్టమైంది. ఆయన మెత్తటి మనిషి, కానీ ఆ రోజు మెత్తగా మాట్లాడలేదు. "మాటిచ్చారు కదండీ. మీ మాట మీద నిన్న వచ్చినాయన్ని వెనక్కి పంపేశానండీ. చదువు చెప్పేవారు ఇలా చెయ్యొచ్చా అండీ?" అన్నారు. కారణం చెప్పలేదు. జబ్బుని అన్నిచోట్లా అమ్ముకున్నాను, ఆయన దగ్గర మాత్రం నోరు రాలేదు. తప్పయిపోయిందండీ అన్నాను. ఫోన్ పెట్టేశారు.

ఆదివారం పొద్దున్న కారు తేవడానికి వెళ్తున్నానంటే ఇంట్లో ఇద్దరూ గాజువాకే అనుకున్నారు. బావ, నీరసంగా ఉంది, బ్రోకర్ని వెంట తీసుకెళ్ళు అన్నాడు. అత్త చేతికి నిమ్మకాయలిచ్చింది, బండి కదిలే ముందు చక్రాల కింద పెట్టమని. ఆనందపురం యార్డులో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను. అదంతా నా చీటీ, నేను దాచుకున్నది, రాబోయే నెలల జీతం. బ్రోకరు, "గురూ, మీ ఆయన పెట్రోలన్నాడు కదా" అని గొణిగాడు. అతనికీ చెప్పలేదు. నిమ్మకాయలు నలిగాయి. హైవే మీద రెండుసార్లు బండి ఆగిపోయింది, వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. బ్రోకరు తన సీటు కాదు, ప్రాణం పట్టుకుని కూర్చున్నాడు.

మా వీధి మలుపు తిరిగేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శబ్దానికి అప్పటికే తలెత్తాడు. పెట్రోలుకీ డీజిలుకీ శబ్దం తేడా అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను గుమ్మం ముందు ఆపి దిగాను. అత్త హారతి పళ్ళెంతో బయటికొచ్చి, ఏ బండో తెలియకుండానే దిష్టి తీసి, బొట్టు పెట్టడం మొదలెట్టింది.

"ఎవుల్నడిగి తెచ్చినావే దీన్ని?" అన్నాడు. గొంతు లేవట్లేదు, అయినా ఆ కోపం నాకు తెలుసు.

"ఎవుల్నీ అడగలేదు."

"బుద్దుందా నీకు? సెప్పినాను కదా, మూడేళ్ళు తిప్పకపోతే నష్టం."

"నాకు నష్టం ఒద్దు బావా" అన్నాను. "మూడేళ్ళూ నువ్వు పక్క సీట్లో కూకోవాల. మంగళారం, గురారం, శనారం. ఒక్కటి మానినా నానొల్లను."

అత్త బొట్టు పెట్టే చెయ్యి ఆగిపోయింది. ఏ లెక్కో ఆవిడకి తెలీదు, కానీ ఏ మాట నడుస్తోందో తెలిసిపోయింది. బావ నావైపు చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు చూడటం నాకు కొత్త కాదు, ఆ జబ్బులో ఊరికే కారతాయి. అవి వేరే నీళ్ళు. అరుగు పట్టుకుని లేచాడు. మెల్లగా వచ్చి ఎడమవైపు తలుపు తీసి కూర్చుని, సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

"బండి గుమ్మానికి అడ్డంగా పెట్టినావు. తీసి సరీగా పెట్టు" అన్నాడు.

నేను స్టార్ట్ చేశాను. మూడేళ్ళు నాకు సరిపోవని మాత్రం అప్పుడు చెప్పలేదు.